"జీఎం నేపియర్" పేరుతో కణుపులు అమ్ముతున్నారు. అసలు జన్యుమార్పిడి మేత పంటలు ఉన్నాయా?

విభాగం: పాడి, మేత, దాణా

కంభం_పాడి
అందరికీ నమస్తే. మావి పది ముర్రా గేదెలు, రెండెకరాల పచ్చిమేత. బోరు ఉంది కానీ వేసవిలో సన్నగా పోస్తుంది. మొన్న ఒకాయన ఫోన్ చేసి "అమెరికా జీఎం నేపియర్" అని చెప్పి కణుపు ఒక్కోటి 15 రూపాయలు అడిగాడు. మామూలు సూపర్ నేపియర్ కణుపు మా దగ్గర రూపాయి, రెండు రూపాయలకే దొరుకుతుంది. దీనికి జన్యువులు మార్చారట, ప్రోటీన్ రెట్టింపట, పూటకు లీటరు పాలు పెరుగుతాయట. వాట్సాప్‌లో ఫోటో కూడా పెట్టాడు. మనిషికి రెండింతల ఎత్తున్న గడ్డి, పక్కన చెయ్యి పైకెత్తి నిలబడ్డ ఒక కుర్రాడు.

అడగాలనుకున్నవి రెండు. ఇది నిజమా? ఇది అబద్ధమే అనుకున్నా, మేత పంటల్లో జన్యుమార్పిడి ఎక్కడైనా జరిగిందా, జరిగితే మనదాకా వస్తుందా? మా తమ్ముడు అడ్వాన్సు కట్టేద్దామని తొందరపడుతున్నాడు. త్వరగా చెప్పండి.

తూముగట్టు (గుంటూరు)
కట్టొద్దు అన్నా. ఆ ఫోటో చూస్తేనే తెలుస్తోంది కదా, అంత ఎత్తు పెరిగిందంటే అది ముదిరిపోయిన గడ్డి. గేదె ఆకు తిని కాడ గాడిలో వదిలేస్తుంది. రెట్టింపు ప్రోటీన్ సంగతి దేవుడెరుగు.

పిలక_పరిశోధన (హైదరాబాద్)
నేను మొక్కల జన్యుశాస్త్రంలో పనిచేస్తాను. నేపియర్ మీద కాదు, తృణధాన్యాల మీద. తెలిసినంత చెబుతాను.

సూపర్ నేపియర్ జీఎం కాదు. సజ్జకూ నేపియర్ గడ్డికీ సంకరం చేస్తే వచ్చేదే హైబ్రిడ్ నేపియర్. మన ఏపీబీఎన్-1, తమిళనాడు వాళ్ల కో-4, కో-5, థాయిలాండ్ నుంచి వచ్చిన పాక్‌చాంగ్ అన్నీ ఆ కుటుంబమే. సజ్జలో 14 క్రోమోజోములు, నేపియర్‌లో 28. పుట్టిన సంకరంలో 21 ఉంటాయి. అవి సరిగ్గా జతకూడవు కాబట్టి పూత వచ్చినా గింజ పట్టదు. అందుకే మనం కణుపులు, పిలకలు నాటుకుంటాం. ఇందులో ప్రయోగశాలలో జన్యువు చొప్పించడం అనేది ఎక్కడా లేదు.

మన దేశంలో రైతు వేసుకోవడానికి అనుమతి ఉన్న జీఎం పంట పత్తి ఒక్కటే, అదే బీటీ పత్తి, 2002 నుంచి. బీటీ వంకాయను 2010లో ఆపేశారు. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవాలకు 2022 అక్టోబరులో జీఈఏసీ, అంటే జీఎం పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ, పచ్చజెండా ఊపింది. ఆ అనుమతి మీద 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. మేత పంట అయితే ఈ జాబితాలోనే లేదు. కాబట్టి ఆయన అమ్మేది నిజంగా జీఎం అయితే చట్టవిరుద్ధం, కాకపోతే మోసం. ఎటుచూసినా నష్టం మీకే.

తూముగట్టు (గుంటూరు)
జీఎం మేత లేదంటున్నారు గానీ మన గేదెలు రోజూ తినే పత్తి చెక్క బీటీ పత్తిదే కదా సార్. ఇరవై ఏళ్ల పైగా తింటున్నాయి. 2021లో కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి కేంద్రమే అనుమతి ఇచ్చింది. అప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

స్నేక్‌నది_తెలుగోడు (ఐడహో)
నేను ఇక్కడ ట్విన్ ఫాల్స్ దగ్గర డెయిరీలకు మేత, దాణా లెక్కలు చూసే పనిలో ఉన్నాను. కంభం అన్నా, మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. జరిగింది, అదీ పెద్ద ఎత్తున. పంట పేరు అల్ఫాల్ఫా, మన లూసర్న్.

మొదట వచ్చింది రౌండప్ రెడీ రకం. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువు పెట్టారు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే కలుపు చస్తుంది, అల్ఫాల్ఫా బతుకుతుంది. మోన్‌శాంటో, ఫోరేజ్ జెనెటిక్స్ కలిసి తెచ్చాయి. 2005లో అమెరికా వ్యవసాయ శాఖ అనుమతించింది. మా పక్కనే, ఐడహో, ఒరెగాన్ సరిహద్దులో లూసర్న్ విత్తనం పండించే గీర్ట్‌సన్ సీడ్ ఫార్మ్స్ వాళ్లు, మరికొందరు కోర్టుకు వెళ్లారు. వాళ్ల భయం తేనెటీగలు. లూసర్న్ ఈగలతోనే పరపరాగ సంపర్కం చెందుతుంది. పక్క పొలం పుప్పొడి వచ్చి మా విత్తనంలో కలిస్తే మా గతేమిటి అన్నారు. పర్యావరణ ప్రభావ నివేదిక పూర్తిగా తయారు చేయకుండా అనుమతి ఇవ్వడం తప్పని 2007లో కోర్టు చెప్పి కొత్తగా నాటడం ఆపేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జూన్‌లో 7-1 తేడాతో దేశమంతటా నిషేధం పెట్టడం ఎక్కువైందని తీర్పు వచ్చింది. నివేదిక తయారయ్యాక 2011 జనవరిలో పూర్తి అనుమతి ఇచ్చారు.

రెండోది మీకు నిజంగా ఆసక్తి కలిగించేది. లిగ్నిన్ తగ్గించిన అల్ఫాల్ఫా. లిగ్నిన్ అంటే కాడను గట్టిగా నిలబెట్టే పదార్థం. రూమెన్‌లోని, అంటే పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించలేవు. పైగా అది పక్కనున్న పీచును కూడా వాటికి అందనివ్వదు. మేత ముదిరేకొద్దీ లిగ్నిన్ పెరుగుతుంది, అరుగుదల పడిపోతుంది. ఓక్లహోమాలోని నోబుల్ ఫౌండేషన్, విస్కాన్సిన్‌లోని ప్రభుత్వ పాడి మేత పరిశోధన కేంద్రం, ఫోరేజ్ జెనెటిక్స్ కలిసి లిగ్నిన్ తయారీలో పనిచేసే ఒక ఎంజైము జన్యువు నోరు నొక్కారు. బయటి జీవి లక్షణమేదీ తెచ్చిపెట్టలేదు, మొక్కకు ఉన్నదాన్నే తగ్గించారు. 2014 నవంబరులో అనుమతి వచ్చింది, హార్వ్‌ఎక్స్‌ట్రా అని అమ్ముతారు.

పాలు పెరిగాయా అంటే, డెయిరీ వాళ్లు దాన్ని అలా వాడరు. మామూలు రకం 28 రోజులకు కోయాలి, వాన పడి రెండు మూడు రోజులు ఆగితే నాణ్యత పోతుంది. దీన్ని 35 రోజులదాకా ఆపినా దాదాపు అదే అరుగుదల వస్తుంది. సీజన్‌లో ఒక కోత తగ్గుతుంది. డీజిలు, కూలి, ట్రాక్టరు తిరుగుళ్లు మిగులుతాయి. విత్తనం మాత్రం బాగా ఖరీదు.

కంభం_పాడి
చాలా థాంక్స్ అన్నా. ఆ తక్కువ లిగ్నిన్ సంగతి నేపియర్‌లో ఉంటే ఎంత బాగుండును. మాకు కరెంటు లేక, కూలీ దొరక్క కోత ఆలస్యమైతే సగం గడ్డి పెంటకుప్పలోకే పోతుంది.

ఓరుగల్లు_మంద (వరంగల్)
అన్నీ బాగానే చెబుతున్నారు. 2006 గుర్తుందా ఎవరికైనా? మా జిల్లాలో పత్తి ఏరడం అయిపోయాక గొర్రెల్ని బీటీ పత్తి చేలల్లోకి తోలారు. వరసగా చనిపోయాయి. కాపరులు మొత్తుకున్నారు. చివరికి ఏం తేల్చారు? బీటీకి సంబంధం లేదన్నారు. మీరంతా కంపెనీల మాటే వింటారు, మంద వెనక నడిచేవాడి మాట వినరు. ఇప్పుడు నేరుగా మేతలోనే జన్యువులు మారుస్తామంటే నేనెలా ఒప్పుకోవాలి?

డాక్టర్_గంగడోలు (కర్నూలు)
ఓరుగల్లు గారూ, మీ కోపం అర్థమైంది. అప్పుడు కాపరుల ఫిర్యాదు నిజం, గొర్రెలు చనిపోవడమూ నిజం. పరీక్షల్లో నైట్రేట్లు, పురుగుమందు అవశేషాలు కనిపించాయని, అవే కారణం కావచ్చని జీఈఏసీ చెప్పింది. పశువైద్యుడిగా నాకు అది నమ్మశక్యంగానే ఉంది. పత్తి మీద కొట్టిన మందులు, యూరియా తిన్న కలుపు మొక్కలు, ఆకలితో ఉన్న మంద, ఈ మూడూ కలిస్తే చావులు నేను బీటీ రాకముందు కూడా చూశాను. అయితే మీరన్న మాటలో ఒక న్యాయం ఉంది. పత్తికి అనుమతి ఇచ్చేటప్పుడు దాని గింజ, చెక్క పశువుకు పెట్టి చూశారు. పంట అయిపోయాక మోళ్లలో మంద వారాల తరబడి మేస్తుందన్న సంగతి పట్నంలో కూర్చున్నవాళ్లకు తట్టే విషయం కాదు. మేత పంట తెస్తే మాత్రం ఈ పరీక్ష ముందే జరగాలి, అదీ మన మందల మీద, మన మేపే పద్ధతిలో.

ఇక జన్యువులు మార్చడం వల్ల ఉపయోగం ఏమిటని నన్నడిగితే నా జవాబు పాలు కాదు. జొన్నలో నాము, అంటే లేత జొన్న మేసిన పశువుకు ఎక్కే విషం.

మా వైపు తొలకరి వానలు పడి మధ్యలో ఎండ కాస్తే ఏటా ఇదే కథ. మోకాలెత్తు కూడా లేని జొన్న, లేకపోతే కోసిన మోళ్ల నుంచి వచ్చిన లేత చిగురు, బెట్టకు వాడిపోయి ఉంటుంది. మంద ఖాళీ కడుపుతో అటు తిరుగుతుంది. పది నిమిషాల్లో ముందున్న జీవాలు తూలుతాయి, నోట నురగ, ఎగశ్వాస, కాళ్లు కొట్టుకోవడం. మేం వెళ్లేసరికి కొన్ని అయిపోయి ఉంటాయి. సిరలోంచి రక్తం తీస్తే నల్లగా ఉండాల్సింది ఎర్రగా మెరుస్తుంది, ఎందుకంటే ఆక్సిజన్ రక్తంలోనే ఉండిపోయింది, కణం దాన్ని వాడుకోలేకపోయింది. బతికి ఉన్నవాటికి సోడియం నైట్రైట్, తర్వాత సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తాం. అందుబాటులో ఉంటే, సకాలంలో వెళ్తే లేచి నిలబడతాయి. రెండూ కుదిరేది ఎన్నిసార్లో మీకు తెలుసు.

జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. పంట లేతగా ఉన్నప్పుడు, బెట్టలో ఉన్నప్పుడు, నత్రజని ఎక్కువ వేసినప్పుడు పెరుగుతుంది. పూత దశకు తగ్గుతుంది. ఆ ధురిన్ లేని జొన్న ఎవరైనా ఇస్తే, అది జీఎం అయినా ఇంకేదైనా, నేను మొదట చప్పట్లు కొడతాను.

పిలక_పరిశోధన (హైదరాబాద్)
డాక్టరు గారూ, అది ఇప్పటికే ఉంది. అదీ జీఎం కాకుండానే.

ఆస్ట్రేలియా, డెన్మార్క్ శాస్త్రవేత్తలు కలిసి 2012లో ప్రచురించారు. జొన్న గింజల్ని ఈఎంఎస్ అనే రసాయనంలో నానబెట్టి, వేల మొక్కల్లో యాదృచ్ఛికంగా మార్పులు పుట్టించి, ధురిన్ తయారీలో మొదటి మెట్టయిన జన్యువులో ఒకే ఒక అక్షరం మారిన మొక్కను వెతికి పట్టుకున్నారు. దాని ఆకులో సైనైడ్ పూర్తిగా లేదు. మొలక దశలో కాస్త నెమ్మదిగా ఎదుగుతుంది, తర్వాత మామూలే. అదే పరిశోధనలో ఇంకో రకం దొరికింది. మొలకలో సైనైడ్ ఉంటుంది, ఎదిగాక తగ్గిపోతుంది. నా దృష్టిలో అదే తెలివైన రకం. ఎందుకంటే మొక్క ఆ విషాన్ని ఊరికే తయారుచేసుకోదు, పురుగుల నుంచి కాపాడుకోవడానికి చేస్తుంది. మన జొన్నలో మొవ్వు తొలిచే ఈగ దెబ్బ మొలక దశలోనే కదా.

తక్కువ లిగ్నిన్ కూడా అలాంటిదే. ఆకు మధ్య ఈనె గోధుమ రంగులో ఉండే బీఎంఆర్ మొక్కజొన్నను 1920ల్లోనే అమెరికాలో గుర్తించారు. జొన్నలో 1970ల్లో అక్కడి పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పుట్టించారు. లిగ్నిన్ తగ్గిన జొన్న అది. లోపం ఒకటుంది, గట్టి గాలికి పడిపోతుంది. లిగ్నిన్ ఉన్నదే మొక్క నిలబడటానికి.

ఇప్పుడు జీన్ ఎడిటింగ్ వచ్చింది. రసాయనంలో నానబెట్టి అదృష్టం కోసం చూడక్కర్లేదు, కావలసిన జన్యువు దగ్గరే కత్తెర వేయొచ్చు. బయటి డీఎన్‌ఏ మిగలని రకాలను జీఎం నియమాల నుంచి తప్పిస్తూ 2022 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2025 మేలో రెండు వరి రకాలు ప్రకటించారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన కమల, మన బాపట్ల సాంబ మసూరి నుంచి. రెండోది ఢిల్లీ వాళ్లది, మన మార్టేరు ఎంటీయూ 1010 నుంచి. వరిలో అయింది జొన్నలో ఎందుకు కాదు?

ఓరుగల్లు_మంద (వరంగల్)
ఎందుకు కాదంటే, వరి అంటే ఓట్లు. మేత అంటే ఎవరికి పట్టింది? దేశంలో సాగయ్యే భూమిలో మేత పంటలు 4 శాతం అని ఎప్పటి నుంచో వింటున్నాం. ఆ అంకె కదలదు.

ఇంకో సంగతి పిలక గారూ. జొన్నకు అడవి చుట్టాలు ఉన్నాయి. గట్ల మీద జాన్సన్ గడ్డి ఉంటుంది. మీ మార్చిన జన్యువు పుప్పొడితో దాంట్లోకి పోతే?

పిలక_పరిశోధన (హైదరాబాద్)
పోతుంది, కాదనను. జొన్న, జాన్సన్ గడ్డి కలుస్తాయి. అయితే పోయేది ఏ జన్యువు అన్నది చూడాలి. కలుపుమందును తట్టుకునే జన్యువు గట్టు గడ్డిలోకి వెళ్తే పెద్ద తలనొప్పి, ఆ గడ్డిని ఇక ఆ మందు ఏమీ చేయలేదు. సైనైడ్ తయారీ ఆగిపోయే మార్పు వెళ్తే గట్టు గడ్డికి లాభం లేదు. పైగా పురుగు తింటుంది కాబట్టి నష్టమే. గేదెకు మాత్రం మంచిది. రెండూ ఒక గాటన కట్టకూడదు.

స్నేక్‌నది_తెలుగోడు (ఐడహో)
పుప్పొడి గురించి కళ్లతో చూస్తున్న సంగతి చెబుతాను. ఇక్కడ లూసర్న్ విత్తనాలు లారీల నుంచి రాలి రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద వాటంతటవే మొలుస్తాయి. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా, ఐడహో, వాషింగ్టన్‌లలో అలాంటి మొక్కలున్న చోట్లు వెతికి పరీక్షించారు. నాలుగో వంతుకు పైగా చోట్ల జీఎం మొక్కలు కనిపించాయి. 2015లో ప్రచురించారు. మాది లూసర్న్ విత్తనం పండే ప్రాంతం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే ఎగుమతిలో. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక రైతు తన పంట మామూలుదే అనుకుని ఎండుగడ్డి ఎగుమతికి ఇస్తే జీఎం జాడ ఉందని తిప్పి పంపారు. 2014లో చైనా ఇదే కారణంతో గడ్డి లోడ్లు వెనక్కి పంపింది. ఆ తర్వాత ఎగుమతి గడ్డి ఇచ్చేవాళ్లు ప్రతి లాటుకూ చిన్న పరీక్ష చేస్తున్నారు. బేలు లోపలి నుంచి ఆకు తీసి నీళ్లలో నలిపి, అందులో కాగితపు పట్టీ ముంచుతారు. కొద్ది నిమిషాలకు ఒక గీత వస్తే మామూలు, రెండు గీతలు వస్తే జీఎం. రెండో గీత లేతగా వచ్చిందంటే అక్కడ ఎంత టెన్షనో. చైనా ఆ రౌండప్ రెడీ రకాలను దిగుమతికి ఒప్పుకున్నది 2023 జనవరిలో.

న్యూజిలాండ్ కథ దీనికి తలకిందులు. అక్కడి ఏగ్‌రీసెర్చ్ సంస్థ రైగ్రాస్ అనే మేత గడ్డి ఆకులో కొవ్వు ఎక్కువ ఉండేలా చేసింది, మేతకు శక్తి ఎక్కువ వస్తుందని, మీథేన్ తగ్గొచ్చని. వైట్ క్లోవర్ అనే మేత మొక్క ఆకులో టానిన్ పుట్టించారు, పశువుకు కడుపు ఉబ్బరం తగ్గడానికి. వాళ్ల చట్టం కఠినం కాబట్టి ఆ రైగ్రాస్ గడ్డిని సొంత దేశంలో పెంచుకోలేక మా మిస్సోరీకి తెచ్చి పొలంలో పరీక్షించారు. పాల దేశం, గడ్డి మీదే బతికే దేశం, పరీక్షకు పరాయి రాష్ట్రం. చట్టం సడలించే బిల్లు 2024 డిసెంబరులో వాళ్ల పార్లమెంటులో పెట్టారు.

విత్తనాల_కొట్టు (మేడ్చల్)
అందరూ శాస్త్రం మాట్లాడారు, నేను గల్లాపెట్టె మాట్లాడతాను. ముప్పై ఏళ్లుగా విత్తనాల వ్యాపారం. జీఎం మేత మన దేశంలో కంపెనీ తేదు. కారణం భయం కాదు, లెక్క. పత్తి రైతు ఏటా ప్యాకెట్ కొనాలి. నేపియర్ రైతు ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోస్తాడు, తర్వాత పక్కవాడికి ట్రాక్టర్ నిండా కణుపులు ఊరికే ఇస్తాడు. గింజే పట్టని మొక్కలో నేనేం అమ్మాలి? అందుకే కంభం గారికి ఫోన్ చేసినాయన కణుపుకు 15 రూపాయలు అడిగాడు. ఒక్కసారే దొరుకుతాడు కదా రైతు, ఆ ఒక్కసారే లాగాలి.

ఓరుగల్లు గారు పుప్పొడి గొడవ అన్నారు కాబట్టి ఒక ఆలోచన. గింజ పట్టని నేపియర్‌లో జన్యువు మారిస్తే అది గింజ ద్వారా ఎక్కడికీ పాకదు. భద్రత దృష్ట్యా అంతకంటే మంచి మేత మొక్క లేదు. వ్యాపారం దృష్ట్యా అంతకంటే చెడ్డది లేదు. కాబట్టి చేస్తే ప్రభుత్వమే చేయాలి. ఝాన్సీలో 1962 నుంచి జాతీయ మేత పరిశోధన సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో మేత పంటల విభాగం ఉంది. డబ్బు, ఓపిక ఎవరిస్తారన్నదే ప్రశ్న.

నిర్వాహకుడు
ఎన్నికలు, పార్టీల మీద వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాను. మేత మీదే మాట్లాడండి.

పాలపిట్ట_పొలం (ఏలూరు)
ఇంతసేపు చదివాను. కోసేవాళ్లెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా ఇంట్లో మేత కోసేది నేనూ మా అత్తగారూ.

ముందు ఆ కలుపుమందు లూసర్న్ సంగతి. స్నేక్‌నది అన్నయ్య చెప్పింది అమెరికాకు సరిపోతుంది, వాళ్లవి వందల ఎకరాలు. మా లూసర్న్ మడిలో గరిక, తుంగ వస్తే పీకి అదీ గేదెకే వేస్తాం. మేత మడిలో కలుపు కూడా మేతే. దానికి మందు కొట్టి, ఆ మందుకు తట్టుకునే విత్తనం కొని, ఇదంతా ఎవరికోసం? ఒక్క బంగారు తీగ పడితే మాత్రం ఏడుపే, అది లూసర్న్‌ను చుట్టేసి ఎండగొడుతుంది. దానికైనా పట్టిన చోటల్లా కోసి అక్కడే కాల్చేస్తాం. పైగా గ్లైఫోసేట్ వాడకం మీద 2022లో కేంద్రం ఆంక్షలు పెట్టింది.

రెండోది, మీరెవరూ అడగని గుణం ఒకటి అడుగుతాను. నేపియర్ ఆకు అంచు రంపంలా ఉంటుంది, మీద నూగు. పొద్దున్నే మంచుకు తడిసిన గడ్డి కోసి మోపు కట్టి నెత్తిన పెట్టుకుంటే మెడ, ముంజేతులు రాత్రిదాకా దురద. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని కోస్తాం. నునుపాకు రకం ఇవ్వండి, ప్రోటీన్ తర్వాత చూద్దాం. పశువు కూడా నూగు లేని ఆకే ఇష్టంగా తింటుంది.

మూడోది, కంభం తమ్ముడూ, లిగ్నిన్ తగ్గించిన నేపియర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. గాడిలో కాడలు మిగులుతున్నాయంటే కోత ఆలస్యం అవుతోందని. మేం మొత్తం మడిని వారానికో భాగం చొప్పున విడగొట్టుకున్నాం, నలభై అయిదు రోజులు దాటకుండా వంతు తిరుగుతుంది. చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్క కొడతాం. గాడి అడుగున ఏమీ మిగలదు. నీళ్లు చాలని వేసవికి ముందే జొన్న కోసి పాతర వేసుకోండి.

పిలక_పరిశోధన (హైదరాబాద్)
పాలపిట్ట గారూ, నునుపాకు అనేది ఒకటి రెండు జన్యువుల మీద ఆధారపడే గుణం చాలా గడ్డి జాతుల్లో. సజ్జలో నూగు లేని రకాలు ఉన్నాయి. అంటే సంకరం చేసేటప్పుడు తల్లిని చూసి ఎంచుకుంటే చాలు, జీన్ ఎడిటింగ్ కూడా అక్కర్లేదు. మేం గుణాల జాబితా రాసుకునేటప్పుడు అందులో దిగుబడి, ప్రోటీన్, పీచు ఉంటాయి. కోసే చేతుల సంగతి ఉండదు. ఈ మాట మా మీటింగ్‌లో చెబుతాను.

డాక్టర్_గంగడోలు (కర్నూలు)
ఆ జాబితాలో రాయండి, ఎరుపు సిరాతో. దానితోపాటు ధురిన్ కూడా.

ఓరుగల్లు_మంద (వరంగల్)
పిలక గారికి చివరి ప్రశ్న. సైనైడ్ లేని జొన్న మీరు ఎడిటింగ్‌తో చేశారనుకుందాం. జీఎం కాదు కాబట్టి జీఈఏసీ చూడదు. కానీ కత్తెర పేటెంటు ఎవరిది? గింజ మళ్లీ నాటుకునే హక్కు నాకుంటుందా?

పిలక_పరిశోధన (హైదరాబాద్)
ఆ కత్తెర పేరు క్రిస్పర్, దాని పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. పరిశోధనకు వాడుకోవడం ఒకటి, రకాన్ని మార్కెట్లో అమ్మడం ఇంకొకటి. రెండోదానికి లైసెన్సు మాట్లాడుకోవాలి. గింజ దాచుకుని నాటుకునే హక్కు మాత్రం మన 2001 మొక్కల రకాల చట్టంలో రైతుకు ఉంది, బ్రాండు పేరుతో అమ్మకూడదు అంతే. మీ అనుమానం తీసిపారేసేది కాదు. అందుకే ఆస్ట్రేలియా వాళ్లు చేసినట్టు ఈఎంఎస్ దారిలో మన జొన్న రకాల్లోనే వెతికితే పేటెంటు గొడవ ఉండదని నా అభిప్రాయం. పని ఎక్కువ, పేరు తక్కువ. మా కుర్రాళ్లందరికీ క్రిస్పరే కావాలి.

కంభం_పాడి
అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆ కణుపులాయనకు "జీఈఏసీ అనుమతి కాగితం పెట్టండి, అడ్వాన్సు వేస్తా" అని మెసేజ్ పెట్టాను. నా నంబర్ బ్లాక్ చేశాడు. మా తమ్ముడు ఇంకా సణుగుతున్నాడు, అది వేరే సంగతి.

డాక్టరు గారూ, ఇంకొక్కటి. మాది పచ్చజొన్న ఎకరం ఉంది, మొదటి కోత అయింది. చిగురు మోకాలెత్తు వచ్చింది, పది రోజులుగా వాన లేదు. వేయొచ్చా?

డాక్టర్_గంగడోలు (కర్నూలు)
వద్దు. గేదెల్ని అటు పోనివ్వకండి కూడా. ఒక తడి పెట్టి, పూత దశ వచ్చేదాకా ఆగండి. అప్పుడైనా ఖాళీ కడుపు మీద కాకుండా ముందు వరిగడ్డి వేసి తర్వాత కొద్దిగా మొదలుపెట్టండి. అనుమానంగా ఉంటే ఆకు తీసుకుని దగ్గరి పశువైద్యశాలకు వెళ్లి పిక్రేట్ కాగితం పరీక్ష అడగండి. తరిగిన ఆకును సీసాలో వేసి పైన పసుపు కాగితం వేలాడదీస్తారు. కాగితం ఇటుక రంగుకు తిరిగిందా, ఆ మేత ముట్టుకోవద్దు.

పాలపిట్ట_పొలం (ఏలూరు)
కణుపులు కావాలంటే మా దగ్గర కో-5 ఉంది తమ్ముడూ, కోత రోజున వస్తే ఊరికే ఇస్తాం, రవాణా మీదే. తెలంగాణ వాళ్లెవరైనా ఉంటే మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ మేత కేంద్రంలో అడగండి. వేసవి ముదిరాక కాదు, ఇప్పుడే.